ఉత్తరం ముందు

సాగిన్ కంప్యూటర్లో ఉత్తరపు అంకె కొట్టాడు, కామా పెట్టాడు, తూర్పు అంకె కొట్టాడు. ట్యాగు మూశాడు. పటంలోకి ఒక బావి ఎక్కింది. పక్క బావి మొదలుపెట్టాడు.

లావుపాటి వేళ్లు. రెండు గోళ్లు ఏనాటి మంచుకో చీలిపోయి, చీలికతోనే పెరుగుతున్నాయి. కళ్లద్దాల కాడ విరిగితే ఉన్నిదారం చుట్టుకున్నాడు. కిటికీ బయట నారిన్ ఊరి వీధి నిన్నటి నుంచి మంచులో కనిపించడం లేదు.

"బైకే, టీ చల్లారిపోయింది. మీ ఉత్తరం ఎక్కడికీ పారిపోదులెండి, తాగండి," అంది పక్క బల్ల బెగిమాయ్. పచ్చికబయళ్ల ఆఫీసులో అందరికీ ఆయన బైకే, పెద్దన్న.

"నోరు ముయ్యవే. లెక్క తప్పుతుంది."

కొలతగాళ్ల బడిలో ఆయనకు నేర్పింది అదే. మొదటి అక్షం ఉత్తరానికి, రెండోది తూర్పుకి. ఆ బడి పెట్టిన దేశమే పోయింది, అలవాటు పోలేదు. కొండల్లో ఆయన దుర్భిణి పట్టుకుంటే, ఎరుపు తెలుపు పట్టెల కొలకర్ర పట్టుకుని ఎదుటి గట్టు మీద నిలబడ్డవాడు ఒర్మోన్. జీతాలు ఆగిపోయాక ఒర్మోన్ గొర్రెల్లోకి పోయాడు. కొలకర్రను వెంట తీసుకుపోయి తలుపుకి గడియ చేసుకున్నాడు.

శరదృతువులో సాగిన్ పై లోయకి వెళ్లి, చలికాలపు గుడిసెలన్నీ తనే కొలిచాడు. ఆపదలో వచ్చే అంబులెన్సు బండ్ల వాళ్ల పటంలోకి ఎక్కించడానికి.

"నాది సరిగ్గా పెట్టరా," అన్నాడు ఒర్మోన్, ఛాతీ రుద్దుకుంటూ. "ఇది ఆగిందంటే ఆ బండే దిక్కు."

"నీకేం రా, గుర్రం గుండె."

"గుర్రమూ ముసలిదైపోయిందిలే."

ఆ గుడిసెలు ఎక్కించే రోజునే బెగిమాయ్ చెప్పింది, కొత్త ఫైలుకి తూర్పు ముందు రావాలని. "ఉత్తరం ముందు రాయనివాడు కొలతగాడే కాదు," అని కసిరాడు సాగిన్. ఆమె తన లోయలు తన పద్ధతిలో ఎక్కించుకుంది. ఆయన పై లోయ ఆయన పద్ధతిలో ఎక్కించాడు.

గొడవంతా ఇంతే. ఒక రకం ఫైలు ఉత్తరం ముందు చదువుతుంది, ఇంకో రకం తూర్పు ముందు చదువుతుంది. వెచ్చటి గదుల్లో కూర్చుని ఈ పద్ధతులు రాసిన పెద్దమనుషులు ఇన్నేళ్లలో ఒక్క మాట మీదకి రాలేదు. యంత్రం అడగదు, ఇచ్చింది మింగుతుంది. ఏది ముందో ఫైలు నెత్తిన రాసే ఉంటుంది. సాగిన్ అది చదవలేదు. చదవాల్సిన అవసరం తనకేమిటి అనుకున్నాడు.

ఫోన్ మోగింది. ఆపద బండి డ్రైవరు.

"సాగిన్ బైకే, ఒర్మోన్ గుడిసె ఎక్కడండీ? పొద్దున వాళ్లావిడ ఫోన్ చేసింది, ఆయనకి గుండెల్లో నొప్పంట. మాట మధ్యలోనే లైను తెగింది. మా పటంలో పై లోయ మొత్తం ఖాళీ! పక్క లోయలో ఇంకో ఒర్మోన్ పేరు కనపడితే ఆ లోయంతా గాలించి వచ్చాం."

"ఖాళీ ఏంట్రా? నా చేత్తో పెట్టాను!"

బెగిమాయ్ పటం తెరిచింది. తెర మీద వాళ్ల జిల్లా ఒక్కటే కనపడుతుంది. బయట ఏముందో ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదు. ఆమె పటాన్ని దూరం జరిపింది, ఇంకా దూరం జరిపింది. ఉత్తరం తూర్పై, తూర్పు ఉత్తరమై, రష్యాకి పైన, మంచు సముద్రం నడిమధ్యలో, పై లోయ గుడిసెలన్నీ చుక్కలు చుక్కలుగా తేలుతున్నాయి.

ఆమెకు నవ్వొచ్చింది. ఆయన మొహం చూసి ఆపుకుంది.

సాగిన్ ఫోన్లో అంకెలు చెప్పాడు. ఏది ఉత్తరమో, ఏది తూర్పో విడమరిచి, మళ్లీ చెప్పాడు. గొర్రెతోలు కోటు వేసుకున్నాడు. "నన్నూ ఎక్కించుకోండి."

వాళ్లు చేరేసరికి మంచు ఆగింది. తలుపు తెరిచే ఉంది. ఒర్మోన్‌ని గోడవైపు పడుకోబెట్టి, మొహం మీద తెల్లగుడ్డ కప్పింది ఆయన భార్య కాలిచా.

"ఇందాకే పోయాడయ్యా," అంది. "బండి చప్పుడు వినపడుతోంది, సాగిన్ వస్తున్నాడు అన్నాడు. చూస్తే గాలి."

"వదినా, నేను..."

"నొప్పి మొదలవగానే తలుపు గడియకున్న కొలకర్ర పట్టుకుని బయటికి పోయాడు. వద్దన్నా వినలేదు. సాగిన్ కొలిచిన చోటే పాతాలి, బండి వాళ్లకి కనపడాలి అన్నాడు."

కాలిచా సాగిన్ చేతిలో ఉప్పు టీ గిన్నె పెట్టింది. దాన్ని పట్టుకునే నిలబడ్డాడు, తాగలేదు.

చీకటి పడకముందే ఒర్మోన్‌ని బండిలోకి ఎక్కించారు. కాలిచా పక్కన కూర్చుంది. సాగిన్ వెనక ఎక్కి, చేత్తో అద్దం మీద ఆవిరి తుడిచాడు.

ఖాళీ గుడిసె ముందు, తను కొలిచిన చోటే, కొలకర్ర నిటారుగా నిలబడి ఉంది, మొదటి ఎర్రపట్టె దాకా మంచులో కూరుకుపోయి.