చాక్‌పీసు గీత ఒక పక్కే పడింది

ఒత్తులు తప్పితే దిద్దుకుని చదవండి. యాభై దాటాక పలక పట్టినదాన్ని. నాలుగు ముక్కలు రాయాలంటే నాకు నాలుగు రోజులు పడుతుంది.

ఆ రోజు మధ్యాహ్నానికే వర్క్‌షాపులో నేను బెజ్జాలు వేసిన నలభై ఇనప రేకులు వెనక్కి వచ్చాయి. బోల్టు బిగుతుగా కూర్చోవలసిన బెజ్జాలు కోడిగుడ్డులా సాగి ఉన్నాయి. మేస్త్రీ వాటిని నా కాళ్ళ దగ్గర ధడేల్మని పడేశాడు.

"నీ చెయ్యి వణుకుతోంది పెద్దమ్మా. ఇంటికెళ్ళి మనవల్ని ఆడించుకో."

"వణికేది డ్రిల్లు మిషను బాబూ."

"ఆడలేక మద్దెల ఓడందట!"

"మద్దెల నిజంగా ఓడైతేనో?"

పక్క మిషను దగ్గరున్న మా ఆడపడుచు కిసుక్కున నవ్వింది. మేస్త్రీ భోజనానికి వెళ్ళాడు. నేను మిషను దగ్గరే ఉండిపోయాను.

బెజ్జం వేసే బిట్టు వంగిందేమోనని కొత్తది పెట్టాను. అదే ఊపు. బిట్టు తీసి దాని చోట నున్నటి ఉక్కు కడ్డీ బిగించి, చేత్తో తిప్పుతూ చాక్‌పీసు ఆనించాను. తిన్నగా తిరిగితే గీత చుట్టూ పడాలి. ఒక పక్కే పడింది. కడ్డీని సగం తిప్పి మళ్ళీ బిగించాను. ఈసారి దాని అవతలి పక్క పడింది. అంటే తప్పు కడ్డీది కాదు. కడ్డీని పట్టుకునే చక్కును ఊడదీసి, పైనున్న ఇరుసుకే చాక్‌పీసు ఆనించాను. అక్కడా ఒక పక్కే. వంగింది ఇరుసు.

చక్కులోంచి నల్లబడ్డ కాగితం ముక్క జారిపడింది. ఊపు ఆపాలని ఎవరో ఎప్పుడో సందులో దోపారు. సన్నగా మూడు మడతలు.

"వదినా, అది అన్నయ్య మడత" అంది ఆడపడుచు.

అవును. మా ఆయన బస్సు టిక్కెట్టునైనా అలాగే మడిచేవాడు. ఇదే మిషను మీద చెయ్యి వణుకుతోందని ఆయన్నీ తీసేశారు. తాగాడన్నారు. నేను రోజూ గుమ్మంలోనే నిలబెట్టి నోరు వాసన చూసేదాన్ని. ఏ రోజూ వాసన లేదు. అయినా వాళ్ళ మాటే నమ్మాను.

మేస్త్రీ కాగితంతో వచ్చాడు.

"వేలిముద్ర వెయ్యి."

"చదవనీ."

కూడబలుక్కుని చదివాను. 'చేతి వణుకు కారణంగా నా ఇష్టప్రకారమే మానుకుంటున్నాను.'

"వెయ్యను. ఇరుసు వంగింది, గీత చూడు."

"నీ గీతలు నీ పలక మీద గీసుకో." ఆడపడుచు వైపు తిరిగాడు. "నువ్వు రామ్మా. ఇకనుంచి ఈ మిషను నీది. చక్కు బిగించి స్విచ్చి వెయ్యి."

ఆమె వచ్చింది. గీత చూసింది. కింద పడ్డ కాగితం ముక్క తీసి నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు మూసింది.

స్విచ్చి మాత్రం వెయ్యలేదు.

— డ్రిల్లు పెద్దమ్మ, అరవై రెండేళ్ళు. ఇప్పుడు ఆడపడుచు ఇంట్లో, ముందుగదిలో ఉంటున్నాను.