దొరసాని గిన్నె పక్క సుద్ద గుర్తు

అనుమానించడం నాకు కొత్త కాదు. ముప్పై ఒక్క ఏళ్లు కంపెనీ నాకు జీతమిచ్చిందే అందుకు. బొగ్గు బాయిలో నేను సర్దార్‌ని. షిఫ్టు మనుషులకంటే ముందు దిగి, చేతికర్రతో పైకప్పు కొట్టి చూడాలి. గట్టిగా మోగితే సరే. డొల్లగా మోగిందంటే దాని కిందికి ఒక్కణ్ణి కూడా పోనివ్వకూడదు. చూసిన చోటల్లా సుద్దతో తారీఖు వేసి, పక్కన నా పేరులో మొదటి అక్షరం ‘రా’ అని రాయాలి. ఆ గుర్తు లేదంటే అక్కడ ఎవరూ చూడలేదనే లెక్క, ఏ కార్మికుడూ అక్కడ కాలు పెట్టడు. చూడకుండానే గుర్తు పెట్టేసి కునుకు తీసే సర్దార్లు లేకపోలేదు. నేను మాత్రం ఒక్కసారి కూడా అలా పెట్టలేదు. రాయమల్లు గుర్తు ఉందంటే కళ్లు మూసుకుని పోవచ్చని గోదావరిఖనిలో అనేవాళ్లు. పొగరనుకుంటే అనుకోండి, నాకేం!

అలాంటి నేను తెలంగాణ కోసం సమ్మె జరిగిన ఆ ఏడు పక్క క్వార్టరు సుగుణమణిని అనుమానించాను. మా పిల్లికి విషం పెడుతోందని.

మా పిల్లి అంటున్నాను గాని, అది ఎవరిదీ కాదు. పాత బాయి మీద ల్యాంపు రూములో ఉండేది. టోపీ లైట్ల వైర్లు కొరికే ఎలుకలన్నీ దాని జీతం. ఎవరైనా చెయ్యి చాపితే బుస్సుమని లేచేది, అందుకే దానికి దొరసాని అని పేరు పెట్టారు. ఆ బాయి మూతపడి మమ్మల్నందరినీ తలా ఒక బాయికి పంపినప్పుడు దాన్ని గోనెసంచిలో వేసుకుని క్వార్టరుకు తెచ్చాను. చేతుల నిండా గీతలే. ఆనాటి నుంచి మా పెరట్లో బొగ్గు షెడ్డే దానికి గడీ అయింది. ఏడేళ్లయినా నన్ను ముట్టనివ్వలేదు. కాని నేను డ్యూటీ నుంచి వచ్చే వేళకు ప్రహరీ గోడ మీద కూర్చుని ఉండేది. మాకు పిల్లలు లేరు. ఇంకా ఎందుకు రాలేదని ఎదురుచూసే ప్రాణులు నాకు రెండే, ఒకటి నా భార్య లింగవ్వ, రెండోది ఈ దొరసాని. అది పోతే నా ఇంటికి సగం వెలుతురు పోయినట్టే.

ఆ వేసవిలో అది చిక్కిపోవడం మొదలుపెట్టింది. తినక కాదు, నలుగురి తిండి తిని! గిన్నె నాకి, లింగవ్వ కాళ్లకు అడ్డం తిరిగి, మిట్టమధ్యాహ్నం గోడెక్కి అరిచేది. వెన్నుపూస లెక్కపెట్టొచ్చు. నాలుగు రోజులు చూసి, కోళ్ల గంప కింద పట్టి, పెద్దపల్లి పశువుల దవాఖానకు తీసుకుపోయాను. అక్కడ సంధ్యారాణి అని చిన్న వయసు డాక్టరమ్మ. మందపాటి దుప్పట్లో చుట్టించి, మెడ తడిమి, రక్తం తీసి కరీంనగర్ ల్యాబుకు పంపింది. వారం తర్వాత పిలిచి చెప్పింది.

“దీనికి థైరాయిడ్ కాకా.”

“పిల్లికా!” అన్నాను.

“ముసలి పిల్లులకు వస్తది. మనుషులల్ల చానమందికి అది తక్కువై మందగిస్తరు. వీటికి ఉల్టా, ఎక్కువై గుండె ఉరుకుతది. ఈ గోలీ దాన్ని తగ్గిస్తది. పొద్దుగాల సగం, సాయంత్రం సగం, బతికినన్ని రోజులు. చేతికి దొరకదు గద, తిండిల కలిపి పెట్టు. కండ్ల ముందల తినాలె. ఒకరు పెట్టింది తెల్వక ఇంకొకరు పెట్టేరు, పైలం.”

ఆ చివరి మాటకు నా దగ్గర మందుంది. ఉడికించిన కోడి కార్జంలో సగం గోలీ నూరి కలిపి, అది గిన్నె నాకేదాకా కదలకుండా నిలబడి, గిన్నె పక్కన గోడకు సుద్దతో తారీఖు వేసి ‘రా’ అని రాసేవాణ్ణి. నేను డ్యూటీలో ఉంటే లింగవ్వ పెట్టి, నా గుర్తే వేసేది. గుర్తుంటే పెట్టినట్టు, లేకుంటే పెట్టనట్టు. ఇక మళ్లీ అడిగేదేముంది?

గోడ అవతలి సుగుణమణి ఇదంతా చూస్తూనే ఉంది. ఆమె భర్త దావీదు నాతో ఇరవై ఏళ్లు ఒకే షిఫ్టులో పనిచేసి గుండెపోటుతో పోయాడు. కొడుకు శాంతిరాజ్ కంపెనీ ఆఫీసులో క్లర్కు.

“ఏంది అన్నా, గోడ మీద బాయిల రాసినట్టు రాస్తున్నవు?” అంది ఒకరోజు.

“దొరసానికి థైరాయిడట. నీకున్నదే దానికొచ్చింది” అన్నాను నవ్వుతూ.

“అయ్యో, గింత పానానికి గంత రోగమా! నాకు ఆరేండ్లాయె అన్నా. కంపెనీ దవాఖానల నెలకిన్ని గోలీలిస్తరు, పొద్దుగాల లేవంగనే ఒకటి ఏసుకుంట” అంది.

ఆగస్టుకల్లా దొరసాని ఒంటిమీద కాస్త కండ వచ్చింది. అరుపులు తగ్గాయి. నేను మీసం మెలేశాను.

సెప్టెంబరులో సమ్మె. బాయిలన్నీ బంద్, బస్సులు బంద్. పొద్దున్నే కార్జం పెట్టి చౌరస్తాలో ధర్నాకు పోవడం, సాయంత్రం ఇల్లు చేరి మళ్లీ పెట్టడం. రెండు పూటలా నేనే పెడుతున్నప్పుడు గుర్తెందుకనిపించింది. డ్యూటీయే లేనివాడికి సుద్దముక్కతో పనేంటి! సుద్దను కిటికీలో పడేశాను. గోడమీద పాత గుర్తులు రెండు వానలకు కొట్టుకుపోయాయి.

పదిహేను రోజులు తిరగలేదు, దొరసాని మళ్లీ ఎండిపోవడం మొదలైంది. ఈసారి మరీ దారుణం. నోరు తెరిచి రొప్పేది. రెండడుగులు వేసి కూలబడేది. గోలీ ఒక్క పూట తప్పలేదు, నా కళ్ల ముందే తింటోంది! మాట్లాడుకున్న ఆటోలో పెద్దపల్లి తీసుకుపోతే డాక్టరమ్మ చెవులకు గొట్టం పెట్టుకుని మొహం ముడుచుకుంది.

“గుండె లెక్కకందుతలేదు కాకా. నిజంగ గోలీ ఏస్తున్నవా?”

నాకు ఒళ్లు మండింది. “నన్ను ఎవలనుకుంటున్నవు బిడ్డా? సర్దార్ రాయమల్లును!”

“కోపానికి రాకు. గోలీ కడుపులకు పోతే గిట్ల కావద్దు. ఇంకెవలన్న ఏమన్న పెడుతున్నరా దీనికి?”

తిరుగు దారి పొడుగునా ఆ మాటే చెవిలో గింగురుమంది. ఇంకెవరు? మా వరుసలో ఇదంటే గిట్టనిది ఒక్కర్తే. పోయిన ఏడాది సుగుణమణి కోడిపిల్లల్ని మూడింటిని దొరసాని ఎత్తుకుపోయింది. “నీ కడుపు కాల, నీకు సావన్న రాదు!” అని ఆ రోజు ఆమె చీపురు విసిరింది. మరిచిపోతానా?

ఇక ఆమెను కర్రతో కప్పు కొట్టినట్టు కొట్టి చూడడం మొదలుపెట్టాను. ఎటు కొట్టినా డొల్లే! తెల్లవారితే కీర్తనలు పాడుతూ వాకిలి ఊడ్చే మనిషి, పాట మానేసింది. నన్ను చూస్తే లోపలికి పోతోంది. మొహం ఉబ్బి, కళ్లు వాచి ఉన్నాయి. తప్పు చేసినవాళ్లకు నిద్రెక్కడిది! “బాగున్నవా సుగుణమ్మా” అంటే జవాబుకు గడియ పట్టేది, ఆ జవాబు కూడా బొంగురు గొంతుతో. మిట్టమధ్యాహ్నం శాలువా కప్పుకుని తిరుగుతోంది. శాలువా కింద ఏం దాచుకుందో!

“నీ అనుమానం మంట్ల కలవ!” అని లింగవ్వ తిట్టింది. “దావీదన్న పెండ్లాం పిల్లికి విషం పెడ్తదా? ఆమెకే పానం బాగలేనట్టున్నది.”

“పానం గాదే, పాపం” అన్నాను. అబ్బో, ఎంత బాగా అన్నానని ఆ పూట నాకు నేనే మురిసిపోయాను కూడా.

మర్నాడు ధర్నా ఎగ్గొట్టి, అన్నం తిన్నాక బొగ్గు షెడ్డులో దాక్కున్నాను. రేకు సందులోంచి గోడ కనిపిస్తోంది. రెండు గంటల వేళ సుగుణమణి వచ్చింది. మెల్లగా, ఒక్కో అడుగు బరువుగా. చేతిలో గిన్నె.

“దొరసానీ... రా బిడ్డా...”

అది వచ్చింది! రొప్పుతూ, గోడెక్కలేక బట్టలుతికే బండ మీదికి, అక్కడినుంచి గోడ మీదికి పాకి వచ్చింది. ఆమె కోడిగుడ్డు అట్టు ముక్క పెట్టింది. అది తింటుంటే వీపు నిమిరింది. నిమరనిచ్చింది! ఏడేళ్లలో నన్ను ముట్టనివ్వనిది! విషం సంగతి అటుంచండి, ముందు అది చూసి నా కడుపు రగిలిపోయింది.

ఒక్క ఉరుకులో పోయి గోడ మీదుగా ఆమె మణికట్టు పట్టుకున్నాను.

“దొరికినవ్ ఇయ్యాల! ఏం కలిపినవ్ దాంట్ల? మూడు కోడిపిల్లలకు ఇంత పగనా? మనిషివేనా నువ్వు!”

నా అరుపుకు లింగవ్వ పరుగెత్తుకొచ్చింది. చుట్టుపక్కల తలుపులన్నీ తెరుచుకున్నాయి. సుగుణమణి బెదరలేదు, తెల్లబోయి చూసింది. పిడికిలి విప్పింది. తెల్ల గోలీల పట్టీ.

“నా గోలీనే అన్నా” అంది బొంగురుగా. “థైరాయిడ్‌ది.”

“నీది దీనికెందుకు పెట్టినవ్?”

“నీ గుర్తు కనవడలె గద అన్నా.”

నాకు అర్థం కాలేదు.

“సమ్మె షురువైన కాడికెల్లి గోడకు నీ సుద్ద గుర్తు లేదు. రోజు చూసిన. గుర్తు లేదంటె సర్దార్ చూడనట్టే అని మా ఆయన చెప్పేటోడు. జీతాల్లేవు, గోలీలు కొంటలేరేమో అనుకున్న. మొగోడివి, అడిగితె సిన్నపోతవని అడగలె. దానికీ నాకూ ఒకటే రోగమని నువ్వే అంటివి. పాపం నోరులేనిది... ఆ కోడిపిల్లలప్పుడు సావుమని తిట్టిన. అది మనసుల ఉన్నది.”

నా చెయ్యి దానంతటదే ఆమె మణికట్టు వదిలేసింది. దొరసాని గోలీ థైరాయిడ్‌ని తగ్గించేది, ఈమెది పెంచేది. దాని ఒంట్లో ఎక్కువై ప్రాణం తోడేస్తున్నదాన్నే ఇన్నాళ్లూ గోలీ రూపంలో ఇంకా పోసింది ఈ తల్లి. అది చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె మొహం చూశాను. ఉబ్బిన ఆ మొహం, శాలువా, బొంగురు గొంతు...

“మరి నువ్వేం ఏసుకుంటున్నవ్?” అన్నాను.

“నెలకు లెక్కబెట్టి ఇస్తరు. ఉన్నయి దానికి పెట్టిన. నాదేముంది, మొండి పానం.”

లింగవ్వ గోడ మీదుగా ఆమె చెంప ముట్టుకుంది. “ఓ అయ్యా, పెయ్యంత సల్లగున్నది!” అంది.

పాపం కాదు, ప్రాణమే బాగలేదు. లింగవ్వ చెప్తూనే ఉంది, నేనే వినలేదు. ఆ సాయంత్రమే శాంతిరాజ్ స్కూటరు మీద తల్లిని కంపెనీ దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు తల్లీకొడుకులిద్దరినీ కడిగేసి, గోలీలు మళ్లీ మొదలుపెట్టించాడు. నేను పెద్దపల్లి డాక్టరమ్మకు ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. “మనిషి గోలీ బంద్ చెయ్యి, నీది నడిపియ్యి, చూద్దాం” అంది.

చూడడానికి ఎక్కువ టైము దొరకలేదు. మూడో రోజు పొద్దున నేను కార్జం గిన్నె పట్టుకుని పోయేసరికి దొరసాని బొగ్గు కుప్ప పక్కన పడుకుని ఉంది. మొదటిసారి నా చేతికి దొరికింది. ఎంత తేలిగ్గా ఉందో! ఏడ్చాను, ఎందుకు దాచాలి? సుద్దముక్క కిటికీలోనే ఉంది. రోజుకు రెండు గీతలు గీయడానికి నాకు బరువైపోయింది!

పాతిపెట్టి, సుగుణమణికి చెప్పడానికి వాళ్ల పెరట్లోకి పోయాను. ఇన్నేళ్లలో గోడకు అటువైపు పోవడం అదే మొదలు. ఆమె మంచం మీద కూర్చుని ఉంది. విషయం విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కొంగు చాటునుంచే అడిగింది.

“నా గోలీతోటి గాదు గద అన్నా?”

నేను జవాబు చెప్పేలోపే లేచి, గోడ పట్టుకుని నడుస్తూ ఒక చోట చూపించింది. “నేను ఒక్క దినం తప్పలె. చూడు. నువ్వు సర్దార్‌వి, చూసి చెప్పు, సక్కగనే చేసిన గద?”

గోడకు వాళ్ల వైపు, చూరు కింద వాన తగలని చోట, సుద్దతో వరసగా తారీఖులు. ప్రతి తారీఖు పక్కన ‘సు’ అని వంకర అక్షరం. ఇరవై ఎనిమిది. నా వైపు నుంచి రెండడుగులు అవతలికి తల వంచి చూసి ఉంటే మొదటి రోజే కనిపించేవి. లోకాన్నంతా కర్రతో కొట్టి చూసినవాణ్ణి, ఈ గోడకు అవతల ఏముందో చూడలేదు.

“ముసలిది, టైమొచ్చింది, పోయింది” అన్నాను. “నువ్వు సక్కగనే చేసినవ్ చెల్లె. ఇగ నీ గోలీ నువ్వు ఏసుకో.”

ఆమె ఇంకా నా మొహమే చూస్తోంది. మాట చాలదని తెలిసింది. దావీదు భార్య కదా, గుర్తు కావాలి. గూట్లో ఉన్న ఆమె సుద్దముక్క తీసుకుని, ఆఖరి తారీఖు కింద ‘రా’ అని రాశాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, ఇక చాలన్నట్టు తల ఊపింది.

ముప్పై ఒక్క ఏళ్లలో నేను పెట్టిన అబద్ధపు గుర్తు అదొక్కటే.