అడగని కొసరు

అబెలీనో ఎడమచేతి గ్లాసును నడుము దగ్గర పట్టుకొని, కుడిచేతి కూజాను భుజం పైదాకా ఎత్తి వంచాడు. అవిసె గింజల జిగురు సన్నని తీగలా సాగి, ఎక్కడా తెగకుండా గ్లాసులోకి దిగింది. వేయించిన బార్లీ కాచిన కషాయం, అందులో ఆ జిగురు, పైన నిమ్మరసం, కాస్త తేనె. లీమా నగరపు శీతకాలంలో మంచు తుంపర ముఖానికి పట్టి చిరాకు పెడుతుండగా పనికి వెళ్లేవాళ్లు నిలబడి తాగే ఎమొలియెంతే అదే.

అతనికి యాభై దాటాయి. బండి తోసి తోసి వీపు ముందుకు వంగింది. ఆవిరికి వేళ్ల కొనలు ఎప్పుడూ నాని ముడతలు పడి ఉండేవి. వచ్చేవాళ్ల చూపు గ్లాసు మీదే గానీ అతని ముఖం మీద నిలిచేది కాదు. తల్లి దొమితీల తోసిన రోజుల్లో ఇదే బండి దగ్గర జనం ఆమె ముఖం చూసి నవ్వేవారు, ఆమెతో వాదించేవారు, ఆమె చేత తిట్లు తినేవారు. పక్షవాతం ఆమె కుడిపక్కను పడగొట్టాక బండి అతని చేతికి వచ్చింది. ముఖం మాత్రం రాలేదు.

ఎదురుగా ఉన్న బ్యాంకు కాపలాదారు ఉబాల్దో తన ఫోనును నిమ్మకాయల బుట్టకు ఆనించి నిలబెట్టాడు.

"ఇటు రా కసేరో, విను. ఈయన నీ బండి గురించే చెప్తున్నాడు."

కసేరో అన్నది ఆ వీధుల్లో అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఒకరినొకరు పిలుచుకునే పిలుపు. అబెలీనో తల తిప్పకుండానే ఆ గొంతును పోల్చుకున్నాడు. ఎక్కడ విన్నా పోల్చుకోగలడు. దేశమంతా గురువుగా కొలిచే లెయాండ్రో విదౌర్రే తెల్లచొక్కాతో, చెప్పులు లేని కాళ్లతో, వేలమంది ముందు మోకాళ్ల మీద కూర్చొని మాట్లాడుతున్నాడు.

"మా అమ్మ ఎమొలియెంతే బండి తోసేది తల్లులారా! గ్లాసు మీరు అందుకోకముందే కొసరు పోసేసేది. అడక్కుండా ఇచ్చేది. జీవితమూ అంతే. మీకు రావలసిన కొసరు ఈసరికే మీ గ్లాసులో ఉంది!"

సభలో ఎవరో వెక్కి వెక్కి ఏడ్చారు. ఉబాల్దో కళ్లు కూడా చెమ్మగిల్లాయి. అబెలీనో మాత్రం పెదవి కొరుక్కున్నాడు. తర్వాత ఎన్నడూ లేనంత గట్టిగా నవ్వాడు.

"దొరికాడు! అబద్ధం!"

"ఏది అబద్ధం?"

"ముందే పోస్తే అది కొసరెట్లా అవుతుందయ్యా? పెద్ద గ్లాసవుతుంది. సగం తాగాలి, గ్లాసు చాపాలి, కొసరెయ్యమని నోరు తెరిచి అడగాలి. వీడి జన్మలో ఎవరూ బండి తొయ్యలా!"

"కుళ్లుకోకు కసేరో. ఆయన నోరు తెరిస్తే స్టేడియం నిండుద్ది. నువ్వింతసేపు వాగినా నా గ్లాసు నిండలేదు." ఉబాల్దో సగం ఖాళీ అయిన గ్లాసు చాపాడు. "కొసరెయ్యి."

అబెలీనో పోశాడు గాని, అతని మనసు అప్పటికే ఇంటి దారి పట్టింది.

ఇంట్లో తల్లికి ఫోను కొనిచ్చింది తనే. తను బండితో వెళ్లినప్పుడు పక్కన మనిషి గొంతు ఒకటి ఉంటుందనుకున్నాడు. ఆ గొంతే తనను గది బయటికి నెట్టింది. ఏడాది పాటు ఆముదం వెచ్చచేసి, మోకాళ్ల మీద కూర్చొని, చలనంలేని ఆ చేతిని తను మర్దన చేశాడు. ఒకనాటి ఉదయం గురువు "చెయ్యెత్తు తల్లీ, నువ్వు ఎత్తగలవు" అన్నాడు. వేళ్లు కదిలాయి. ఆ రోజంతా ఆమె పక్కింటివాళ్లను పిలిచి మరీ చెప్పింది, "నా లెయాండ్రో లేపాడు" అని. లేపడం వరకు అతను ఎలాగో మింగగలిగాడు. 'నా' అన్న మాట గొంతుకు అడ్డం పడి అక్కడే ఉండిపోయింది. గోడమీద చట్రంలో తను చిన్ననాడు చర్చిలో మొదటిసారి ప్రసాదం తీసుకున్ననాటి ఫొటో ఉంది. ఆ చట్రం అంచున ఆమె గురువు బొమ్మ కత్తిరించి దోపింది. తెల్లచొక్కా భుజం అతని సగం ముఖాన్ని కప్పింది.

పాత్రలో ఇంకా చాలా మిగిలుండగానే అబెలీనో బండి తిప్పాడు. సందు చివరి గది ముందు దాన్ని ఆపి, చేతులైనా తుడుచుకోకుండా లోపలికి వెళ్లాడు.

"అమ్మా, నీ లెయాండ్రో దొరికిపోయాడు!"

దొమితీల దిండ్లకు ఆనుకొని ఉంది. ఫోను గొంతు తగ్గించింది గాని ఆపలేదు.

"ఏం చేశాడు?"

చెప్పాడు. ఆమె ముఖంలో ఏదో కూలిపోతుందని ఎదురుచూస్తూ, ఒక్కో మాటా రుచి చూస్తూ చెప్పాడు.

"తెలుసు," అంది ఆమె.

"తెలుసా?"

"మొదటి రోజే తెలిసింది. ఆ చేతులు చూడు, మీగడ చేతులు. వాళ్లమ్మ బండి తోసిందంటే బండి కూడా నమ్మదు."

"మరెందుకింటావు వాణ్ణి?"

"అడుగుతాడురా. నిద్రపట్టిందా తల్లీ, నీకేం కావాలి తల్లీ అని పొద్దున్నే అడుగుతాడు."

"నిన్నా అడిగేది? లక్షమందిని అడుగుతాడు!"

"ఆ లక్షలో నేనూ ఉన్నాగా. నీకున్నది నేనొక్కదాన్నే. నువ్వేమడిగావు? వస్తావు, పక్క మారుస్తావు, నూనె రాస్తావు, గ్లాసులు కడుక్కోటానికి పోతావు."

అతని చెవులు ఎర్రబడ్డాయి.

"చేసేవాడికి చెప్పటం చాతకాదులే. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి, ఒక్కసారన్నా నన్ను 'నా అబెలీ' అన్నావా?"

దొమితీల అతని వైపు తిరిగింది. నోటి ఒక పక్క మాత్రమే నవ్వింది.

"నువ్వెప్పుడన్నా గ్లాసు చాపావురా?"

జవాబు కోసం ఆమె ఆగలేదు.

"పాత్రలో మిగిలిందా? చల్లారక ముందు ఓ గ్లాసు పట్రా. తేనె వద్దు."

అతను బండి దగ్గర నిలబడి, చూసేవాళ్లెవరూ లేకపోయినా కూజాను భుజం పైదాకా ఎత్తి పోశాడు. ఆమె కదలిక వచ్చిన చేత్తోనే గ్లాసు పట్టుకొని మెల్లగా తాగింది. సగం తాగి పక్కనున్న పీట మీద పెట్టింది.

"ఇవాళ బార్లీ బాగా వేగింది," అంది గోడవైపు చూస్తూ.

అది పొగడ్తో, ఊరికే అన్నదో అతను తేల్చుకోలేకపోయాడు. గ్లాసుల బుట్ట ఎత్తుకొని సందులోని కుళాయి దగ్గరికి వెళ్లాడు. ఒక్కొక్క గ్లాసూ తోముతూ, లోపలికి వెళ్లి ఏమడగాలో పెదవులతో సరిచూసుకున్నాడు. నీకేం కావాలమ్మా. నిద్ర సరిగా పట్టిందామ్మా. ఏది నోటికి వచ్చినా అది ముందే ఆ తెల్లచొక్కావాడి నోటి నుంచి వచ్చిన మాటే అయింది. ఆ మాటల మీద కూడా అసూయ పుట్టింది. చివరికి, ఎవడి మాటలైతేనేం, అడిగేద్దామని లేచాడు.

లోపల ఫోను మాట్లాడుతూనే ఉంది.

"ఇప్పుడు కళ్లు మూసుకోండి తల్లీ. ఊపిరి వదిలేయండి. ఇక దేనికీ భయం లేదు."

దొమితీల కళ్లు మూసుకొని ఉంది.

"ఇప్పుడు మెల్లగా తెరవండి."

అబెలీనో గడపలోనే నిలబడి చూశాడు. సభ చప్పట్లు కొట్టింది. తల్లి కళ్లు తెరవలేదు. దగ్గరికి వెళ్లి, ఏడాది పాటు మర్దన చేసిన చేతిని పట్టుకున్నాడు. అది ఇంకా వెచ్చగానే ఉంది గాని, అతని చేతిని పట్టుకోలేదు. ఆఖరుగా ఆమె చెవిన పడింది తన గొంతు కాదన్న సంగతి ఏడుపు కంటే ముందే గుచ్చుకుంది. చెయ్యి చాపి ఫోను ఆపాడు. ఆ గదిలో అంత నిశ్శబ్దం ఉంటుందని అతనికి అప్పటిదాకా తెలియదు.

"నిద్రపట్టిందామ్మా?" అన్నాడు.

కాసేపటికి లేచి, బండి దగ్గరికి వెళ్లి కూజా తెచ్చాడు. భుజం పైదాకా ఎత్తి వంచాడు. జిగురు తీగ తెగకుండా దిగింది.

పీట మీద, ఆమె సగమే తాగిన గ్లాసు ఇప్పుడు అంచుదాకా నిండి, సన్నగా ఆవిరి వదులుతోంది.