తబిత కోసేసిన ముక్క

రాజమండ్రిలో వీడియో ఇంటర్వ్యూల శిక్షణకి వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ తబిత మామూలు మనుషుల్లా ఉండటం మానేసింది. ఎవరింటికెళ్ళినా ముందు కిటికీ ఎటుందో చూసేది. ఎదుటివాళ్ళు తమ కష్టం చెప్పుకుంటుంటే, "కొంచెం ఇటు తిరగండి, వెలుతురు మొహం మీద పడాలి" అనేది. తిరిగే ఫ్యానంటే ఆవిడకి పగ పుట్టింది. పాలకొల్లు దగ్గర కాలవగట్టు ఊళ్ళో పుట్టి, ఆ ఊరి బడిలోనే ఒకటో తరగతి పిల్లలకి అక్షరాలు దిద్దించే టీచరమ్మ, ముప్పై అయిదేళ్ళొచ్చాక తన చేతిలో ఒక కళ ఉందని తెలుసుకుంది. ఆ వయసులో తెలిసిన ఆనందం మనిషి కాళ్ళని ఒకచోట నిలవనివ్వదు.

చర్చి వార్షికోత్సవం దగ్గరపడుతోంది. సంఘంలో పెద్దవాళ్ళని మాట్లాడించి చిన్న చిన్న వీడియోలు చేసే పని తబితకే అప్పజెప్పారు. మొదట ఎవరిది తియ్యాలన్న దగ్గర రెండో మాటే రాలేదు. సంపూర్ణమ్మగారిది.

సంపూర్ణమ్మగారు ఏసురాజు మాస్టారి భార్య. మాస్టారు పోయి చాలా కాలమైంది గానీ, ఆ ఊళ్ళో ముప్పై దాటినవాళ్ళందరూ ఆయన దగ్గర పలక పట్టినవాళ్ళే. తబిత చెయ్యి పట్టుకుని మొదటి అక్షరం రాయించింది కూడా ఆయనే. ఇక సంపూర్ణమ్మగారంటే, ఆదివారం మధ్యాహ్నం స్త్రీల సమాజంలో నల్ల అట్ట బైబిలు తెరిచి వాక్యం చదివే మనిషి. ఆవిడ గొంతు విప్పితే ఒళ్ళోని చంటిపిల్లలు కూడా పేచీ ఆపేవాళ్ళు. ఎక్కడా తడబాటుండేది కాదు. అంత బాగా చదివే మనిషి చుట్టుపక్కల ఊళ్ళలో లేదని అందరూ గొప్పగా చెప్పుకునేవాళ్ళు.

తబిత ప్రశ్నలు రాసుకుంది. శిక్షణ ఇచ్చిన ఉదయ్‌భాస్కర్‌గారు చెప్పిన మాటలు మననం చేసుకుంది. అవును కాదు అని తేలిపోయే ప్రశ్నలు వెయ్యకండి. వాళ్ళు మాట్లాడేటప్పుడు మీరు ఊఁ కొట్టకండి, గొంతు రికార్డవుతుంది, తల ఊపండి చాలు. అన్నిటికంటే ముఖ్యమైనది, జవాబు అవగానే ఇంకో ప్రశ్న మీద పడిపోకండి. ఊరుకోండి. ఆ ఖాళీలోకి ఎదుటి మనిషి తనంతట తనే అసలు మాట తెచ్చి పెడతాడు.

మంచి సలహాయే. కానీ గోదావరి జిల్లాలో పెద్దావిడ ఇంట్లో, గడప తొక్కి వచ్చిన మనిషి మాటా పలుకూ లేకుండా కూర్చుంటే ఆ ఇంటివాళ్ళకి ఎంత ఇబ్బందో ఆ సలహా ఇచ్చినాయన ఆలోచించలేదు. తబిత కూడా ఆలోచించలేదు. ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగినదానికి ఆ మాత్రం తెలియకపోవడం ఏం తెలివో.

మిట్టమధ్యాహ్నం వెళ్ళింది. ఫ్యాను కట్టేయించింది. రొయ్యల చెరువుల నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్ల హోరు వినిపిస్తోందని కిటికీ రెక్కలు మూయించింది. వెనక గోడ మీది క్యాలెండరు తీయించింది. ముసలావిడకి చెమటలు కారుతున్నాయి. అయినా ఇస్త్రీ తెల్లచీర కట్టుకుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, నవ్వుతూ కూర్చుంది. చీర అంచుకి తబిత మైకు తగిలించింది.

ఆవిడ జవాబులన్నీ పొట్టివి. "అంతా దేవుడి దయమ్మా." "ఆ రోజుల్లో అందరం కలిసి ఉండేవాళ్ళం." "మాస్టారు మంచి మనిషమ్మా, నీకు తెలీందేముంది." తబితకి నీరసం వచ్చింది. సరే, కనీసం చదువుతుండగా నాలుగు దగ్గరి దృశ్యాలైనా తీద్దామనుకుంది.

"మామ్మా, మీకిష్టమైన కీర్తన ఒకటి చదవండి. పేజీ మీద మీ వేలు తీస్తాను."

సంపూర్ణమ్మగారు ఒక్క క్షణం తటపటాయించి పుస్తకం తెరిచింది. గొంతు ఎప్పటిలా గంటలా మోగింది. తబిత ఫోను పేజీ మీదికి వంచి, అక్షరాలు స్పష్టంగా కనిపించేలా చేసింది. ఆ పేజీలో కీర్తన లేదు. ఫలానా వాడి కొడుకు ఫలానా వాడని, వంశాల పేర్లు వరసగా ఉన్నాయి. ఆవిడ వేలు ఆ పేర్ల మీదుగా నెమ్మదిగా జరుగుతోంది. నోట్లోంచి కీర్తన వస్తోంది.

కీర్తన అయిపోయింది. అప్పుడే "చాలు మామ్మా, చాలా బాగుంది" అని ఫోను ఆపేసి ఉంటే ఈ కథ లేదు. తబిత ఆపలేదు. ఊరుకుంది.

"ఏంటమ్మా, బాగా రాలేదా?" అంది సంపూర్ణమ్మగారు.

తబిత మాట్లాడలేదు. నవ్వి, తల ఊపింది.

"మంచినీళ్ళు కావాలా? టీ పెట్టమంటావా?"

మళ్ళీ తల ఊపు. రికార్డింగు ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది. ఆవిడ పైటతో మొహం తుడుచుకుంది, పుస్తకం వంక చూసింది, తబిత వంక చూసింది.

"చూసేశావు కదూ," అంది చివరికి. "నాకు చదువు రాదమ్మా తబితా. ఒక్క అక్షరం రాదు. మాస్టారు ఎంతగానో దిద్దించారు. పలక మీద, ఇసకలో, చేటలో బియ్యం పోసి. నాకే నిలవలేదు. ఒక్కనాడు విసుక్కోలేదాయన. రోజూ సాయంత్రం చదివి వినిపించేవారు, నేను తిరిగి అప్పజెప్పేదాన్ని. తప్పొస్తే మళ్ళీ చదివేవారు. అలా నోటికొచ్చినవే ఇవన్నీ. చేతిలో పుస్తకం లేకపోతే ఎందుకు లేదని అడుగుతారని పట్టుకుంటాను. ఈ ముక్క నీలోనే ఉంచుకోమ్మా. ఆయన మాస్టారు. ఆయనకి నామర్దా కాకూడదు."

తబిత తల ఊపింది. అది ఒప్పుకుంటూ ఊపిన తలో, శిక్షణలో నేర్చుకుని ఊపిన తలో, నిజానికి ఆమెకే తెలియదు.

మర్నాడు బడి అయ్యాక ఎడిటింగుకి కూర్చుంది. తొంభై సెకన్లు దాటితే ఎవరూ చూడరని చెప్పారు. పొట్టి జవాబులన్నీ పోయాయి. "నాకు చదువు రాదమ్మా" అనేముందున్న ఖాళీ దగ్గర మొదలుపెట్టింది. ఇసక, పలక, బియ్యం అన్నచోట ఏదో సామాను చప్పుడైంది, పైగా కథ పక్కకి పోతోందనిపించింది. కోసేసింది. నోటికొచ్చిన కీర్తన మీద వేణువు పెట్టింది. చివర "ఈ ముక్క నీలోనే ఉంచుకోమ్మా" మిగిలింది.

దాన్ని మళ్ళీ మళ్ళీ విన్నది. పెద్దవాళ్ళు అలాగే అంటారులే అనుకుంది. ఈవిడ గొప్పతనం ఈవిడకే తెలీదు, లోకానికి తెలియాలి కదా అనుకుంది. ఇంత మంచి వీడియో మళ్ళీ తనకి దొరకదని కూడా అనుకుంది గానీ, ఆ ఆలోచనని మాత్రం పైకి రానివ్వలేదు. వేలితో ఒక్క నొక్కు నొక్కింది. ఆ మాట పోయింది. దాని ముందూ వెనకా అతుక్కుపోయి, అసలక్కడ ఏమీ లేనట్టే అయిపోయింది.

చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టిన గంటలోనే భీమవరంలో ఉన్నవాళ్ళకీ, హైదరాబాదులో ఉన్నవాళ్ళకీ చేరిపోయింది. ఉదయ్‌భాస్కర్‌గారు ఫోన్ చేసి, "ఆ సైలెన్స్ ఎంత బాగా వాడుకున్నారండీ" అన్నారు. తబితకి అన్నం సహించలేదు, అంత సంతోషం. గ్రూపులో దండం బొమ్మలూ పూలగుత్తుల బొమ్మలూ కుప్పలుగా వచ్చిపడ్డాయి. వాటి మధ్య ఎవరో పెట్టారు: ఊరందరికీ చదువు చెప్పిన మాస్టారు సొంత భార్యకి చెప్పుకోలేదా? కింద ఇంకెవరో, నిజమే సుమండీ, ఆ రోజుల్లో మగవాళ్ళంతే అన్నారు. తబిత ఆ రెండు మాటలూ మళ్ళీ చదివింది. వేలితో పైకి తోసేసి కింది అభినందన చదువుకుంది.

ఆదివారం మధ్యాహ్నం స్త్రీల సమాజం కూడింది. పాట అయ్యాక ఎప్పటిలాగే సంపూర్ణమ్మగారు పుస్తకం తీసుకుని, మోకాలి మీద చెయ్యి ఆన్చి లేవబోయింది.

"మీరు కూర్చోండి మామ్మగారూ," అంది ప్రిస్కిల్లా అమ్మగారు. ఆవిడ పాస్టరుగారి భార్య, నిజంగా దయగల మనిషి. "ఇన్నాళ్ళూ మిమ్మల్ని ఎంత ఇబ్బంది పెట్టామో మాకేం తెలుసండీ. ఇక ఆ శ్రమ మీకొద్దు. ఆశాజ్యోతి చదువుతుంది."

సగం లేచిన మనిషి కూర్చుంది. ఆడవాళ్ళందరూ ఆవిడ వంక జాలిగా చూశారు, ఒకరిద్దరు కళ్ళు ఒత్తుకున్నారు. నర్సు ఉద్యోగం చేసే ఆశాజ్యోతి లేచి గబగబా చదివింది. ఒకచోట మాట తడబడింది. సంపూర్ణమ్మగారి పెదాలు వాటంతటవే కదిలాయి. వెంటనే పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఏదో తప్పు చేస్తూ దొరికిపోయినట్టు.

తబితకి తల తీసేసినట్టయింది. ఎవరైనా తన వంక వేలెత్తి చూపిస్తారేమోనని చూసింది. ఎవరూ చూపలేదు సరికదా, పక్కనున్నావిడ భుజం తట్టి, "ఎంత మంచి పని చేశావమ్మా" అంది. ఆ మాటకి తబిత సిగ్గుతో చితికిపోయింది. బయటికొచ్చి, చెప్పుల దగ్గరే నిలబడి గ్రూపులోంచి వీడియో తీసేసింది. ఏం లాభం. అప్పటికది ఎన్ని ఫోన్లలోకి వెళ్ళిపోయిందో.

రెండు రోజులు సంపూర్ణమ్మగారి వీధి మొహం చూడలేదు. బడికి చుట్టూ తిరిగి వెళ్ళింది. మూడోనాడు పిల్లలకి అక్షరాలు దిద్దిస్తుంటే ఒక పిల్లకి ఎన్నిసార్లు దిద్దించినా అక్షరం నిలవలేదు. అంతే, ఇక ఉండలేక, గంట కొట్టగానే సంపూర్ణమ్మగారింటికి నడిచింది.

ఆవిడ వరండాలో ఒక్కతే కూర్చుని ఉంది. తబితని చూసి నవ్వింది. "రా అమ్మా, కూర్చో."

"మామ్మా, తప్పు చేశాను. నా మీద మీకు ఎంత కోపం వచ్చిందో..."

"కోపమెందుకమ్మా? నువ్వు తీశావు, నేను చెప్పాను. నువ్వలా మాట్లాడకుండా కూర్చునేసరికి, పాపం, ఎండలో ఆ సామానంతా మోసుకొచ్చిన పిల్లకి నా దగ్గర పనికొచ్చే మాట ఒక్కటీ దొరకలేదు కాబోలనుకున్నాను. ఇంటికొచ్చినదాన్ని వట్టి చేతుల్తో ఎలా పంపను?"

ముసలావిడ వీధిలోకి చూసి, గొంతు తగ్గించి అంది.

"ఒక్కటడుగుతాను. నిజం చెప్పమ్మా. ఈ ముక్క నీలోనే ఉంచుకోమని నేను అన్నట్టు నాకు బాగా గుర్తు. ఆయన దిద్దించారని కూడా అన్నట్టే గుర్తు. కోడలి ఫోన్లో మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని విన్నాను. అందులో లేవు. అంటే నేను అనలేదన్నమాట. అన్నాననుకున్నానంతే." ఆవిడ చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. "నాకున్నదల్లా ఆ జ్ఞాపకమేనమ్మా. చదువుకున్నవాళ్ళయితే మర్చిపోతే పుస్తకం తీసి చూసుకుంటారు. నేనెక్కడ చూసుకోను? అప్పట్నుంచీ భయమేసి, ఆయన నేర్పినవి ఒక్కొక్కటీ అప్పజెప్పుకుంటున్నాను, ఎన్ని మిగిలాయో అని."

అనలేదు మామ్మా, మీరే పొరబడ్డారు అంటే ఎవరూ కాదనరు. నిజం తెలిసిన మనిషి తబిత ఒక్కతే. ఆ ఆలోచన ఒక్క క్షణమైనా తన మనసులోకి వచ్చినందుకు తబిత ఆ తర్వాత ఎన్నాళ్ళో తనని తాను క్షమించుకోలేకపోయింది.

"అన్నారు మామ్మా," అంది. "రెండూ అన్నారు. నేనే కోసేశాను. మీరు ఎవరికీ చెప్పొద్దన్నారని తెలిసే కోసేశాను."

సంపూర్ణమ్మగారు తబిత మొహంలోకి చూసింది. తిట్టినా, లేచి పొమ్మన్నా పడటానికి తబిత సిద్ధంగా ఉంది.

"అన్నానూ?"

"అన్నారు."

"అదే మాట అన్నానూ?"

"అదే మాట మామ్మా. ఒక్క అక్షరం తేడా లేదు."

ముసలావిడ మొహం విచ్చుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "హమ్మయ్య," అంది. "అయితే ఏమీ పోలేదు. ఎంత చల్లని మాట చెప్పావమ్మా." అంటూ తబిత చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, సంతోషంగా నిమురుతూ కూర్చుంది. తబిత ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయింది, అక్కడ ఉంచనూ లేకపోయింది.