తొమ్మిదో వార్డు గొంతు

మైకాయన ఏ మైకులోనూ హలో అనడు. చూపుడువేలి గోటితో మెల్లగా కొట్టి, వెనక్కి నడిచి, తన అద్దాల గదిలో మీటరు సూది ఊగిందో లేదో చూసుకుంటాడు. ఊగితే మరో మైకు. మున్సిపల్ కౌన్సిల్ సమావేశం ఉన్న రోజు హాలంతా ఇలా తిరిగేసరికి మోకాళ్లు పట్టేస్తాయి. "నోటితో హలో అంటే అరిగిపోతావా? ఊరి గొంతంతా పెంచేది నువ్వు. ఇంట్లో ఉప్పు కావాలన్నా వేలు చూపిస్తావు," అంటుంది భార్య.

బక్కపలచని మనిషి. గదికి కప్పు తక్కువ కావడంతో మెడ ముందుకు సాగిపోయింది. మీటలు తిప్పీ తిప్పీ కుడి బొటనవేలు నున్నగా అరిగింది.

ఒక్కో వార్డు మెంబరు మైకుకు ఒక్కో మీట. ఆ తిప్పడంలోనే ఉంది ఆయన పనితనం. మెంబరు మాట ఎక్కువైతే చైర్మన్ కళ్లజోడు తీసి తుడుచుకుంటాడు. అది సైగ. మైకాయన ఆ వార్డు మీటను వెంట్రుకవాసి చొప్పున దించుతాడు. టక్కున ఆపేస్తే గొడవ. ఇలా దించితే మాట్లాడేవాడికి తన గొంతే నీరసించిందనిపిస్తుంది. దగ్గి, "అంతేనండి" అని కూర్చుంటాడు.

మైకాయనది తొమ్మిదో వార్డు. రైలు పట్టాల ఇవతల పల్లపు వీధులు. ఆ వార్డులో మొదట గెలిచినవాడు కుస్తీలు పట్టే మనిషి. మీట సున్నాకు దించినా కిటికీ అద్దాలు అదిరేవి. తర్వాతి ఆయన పళ్ల డాక్టరు. ఎదుటివాళ్లు నోరు తెరవాలేగానీ తను తెరిచేవాడు కాదు, నవ్వేవాడు. మూడో ఆయన నిద్రపోయేవాడు. ఒకసారి గురక మైకులో పడితే, నీటి పన్ను మీద వింత నిరసన అని పత్రికలో వచ్చింది. దాంతో మళ్లీ గెలిచాడు.

ఇప్పుడున్నది కుట్టుమిషనావిడ. మైకాయనకు గోడకు గోడ ఇల్లు. మురుగుకాలువతో మొదలుపెట్టి మురుగుకాలువ దగ్గరే ఉండిపోతుంది. ఆవిడ లేవగానే చైర్మన్ కళ్లజోడు ముక్కు మీంచి దిగుతుంది.

ఈ పొద్దున మైకాయన బయల్దేరుతుంటే ఆవిడ మిరియాలు నములుతూ గుమ్మంలో నిలబడింది.

"అన్నయ్యా, ఇవాళ మన వార్డును ఎనిమిదిలో కలిపేస్తారట. పట్టాల అవతలి ఆయన మన కాలువ మొహం చూస్తాడా? ఇవాళైనా మాట్లాడాలి. ఆ హాల్లో లేచేసరికి నా గొంతు పూడుకుపోతోంది. ఇంట్లో మా ఆయన్ను తిడితే వీధి చివరిదాకా వినిపిస్తుంది కదా!"

"వినిపిస్తుంది," అన్నాడు మైకాయన నిజాయితీగా.

"డాక్టరు గొంతులో లైటు వేసి చూశాడు. ఏమీ లేదు, భయం అన్నాడు. నేనా, భయమా! ఇవాళ కూడా రాకపోతే ఇక మానేస్తాను అన్నయ్యా. గొంతులేనిదానికి మెంబరుగిరీ ఎందుకు?"

మైకాయన ఎడమ చెప్పు కుడికాలికి తొడుక్కుని నాలుగడుగులు వేశాక గాని గమనించలేదు.

మైకులన్నీ చూసుకుని గదిలో కూర్చోగానే చైర్మన్ తొంగిచూశాడు. "కుట్టుమిషనావిడ లేస్తే గట్టిగా దించు. దించకపోతే రేపట్నుంచి పంపుహౌసులో ఉంటావు. మోటారుతో కబుర్లు చెప్పుకోవచ్చు."

మైకాయన తలూపాడు. ఆయన తలూపితే అవుననో కాదనో భార్యకే తెలియదు.

కలిపే ప్రతిపాదన చదివారు. కుట్టుమిషనావిడ లేచింది. చైర్మన్ కళ్లజోడు తీశాడు. చొక్కా అంచుతో తుడిచాడు. వెలుతురుకు పెట్టి చూశాడు. మళ్లీ తుడిచాడు.

మైకాయన రెండు చెవుల్లోంచీ దూది తీసేశాడు. అంతమంది అరుపులకు చెవులు నిలవాలి గనక ఇన్నేళ్లూ దూదితోనే కూర్చున్నాడు. పనికి సూది కదలిక చాలు. ఆ తర్వాత తొమ్మిదో మీట పట్టుకుని పైకి తిప్పాడు.

"అధ్యక్షా!"

హాలు దద్దరిల్లింది. ఎవరరిచారా అని ఆవిడే వెనక్కి తిరిగి చూసింది. తన గొంతేనని తెలిశాక ఇక ఆగలేదు.

"తొమ్మిదో వార్డు నుంచి ఒకాయన వచ్చి అరిచాడు, ఒకాయన నవ్వాడు, ఒకాయన నిద్రపోయాడు. వాళ్ల ముగ్గురినీ భరించారు. నన్నింతవరకూ విననే లేదు. వినకుండానే కలిపేస్తారా? సరే, కలుపుకోండి! వానొస్తే మా కాలువ వంటిళ్లలోకొస్తుంది. ఎనిమిదో వార్డు మెంబరుగారూ, రేపట్నుంచి ఆ చీపురు మీ చేతికే ఇస్తాం!"

ఎనిమిదో ఆయన అదిరిపడి లేచాడు. "కాలువ సంగతి నాకెవరూ చెప్పలేదే! నాకొద్దు బాబోయ్, నాకొద్దు!"

ప్రతిపాదన వాయిదా పడింది.

చైర్మన్, మైకాయన గది ముందునుంచి వెళ్తూ ఆగకుండానే, "పంపుహౌసు తాళాలు పొద్దున్నే తీసుకో," అన్నాడు.

మెట్ల దగ్గర కుట్టుమిషనావిడ ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది. "చూశావా అన్నయ్యా, నా గొంతు!"

"విన్నానమ్మా," అన్నాడు మైకాయన. గొడుగు తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు కొత్తగా వచ్చినవాడు గదిలో కూర్చుని, మైకులో హలో, హలో అన్నాడు. మీటల పక్కన, బల్ల అంచున, రెండు దూది ముద్దలున్నాయి. పసుపురంగు తిరిగి, గట్టిపడి, చెవి లోపలి వంపు చెక్కుచెదరకుండా నిలుపుకుని ఉన్నాయి.