బతికున్న మనిషికి పన్నెండు గంటల పాట

పొద్దున లేచిన దగ్గర్నుంచీ మాక్సీన్‌కు ఒకటే దిగులు. ఎదురింట్లో ఉండే మరిది డెల్బర్ట్ మర్నాడు తెల్లవారకముందే ఊరు విడిచి వెళ్ళిపోతున్నాడు. మోంటానాలో గుర్రాలు పెంచుకునే పాత స్నేహితుడికి కాలు విరిగిందట, అతనికి తోడుగా ఉండటానికి పోతున్నాడు. ఆ కొండల్లోకి పోయినవాడు టెనెసీకి మళ్ళీ ఎప్పుడొస్తాడో అతనికే తెలియదు. పోతున్నందుకు కాదు ఆమె బాధ, చెప్పకుండా పోతానంటున్నందుకు.

"గేటు దగ్గర నిలబడి చెయ్యూపడాలూ, ముక్కు చీదుకోవడాలూ నాకొద్దు వదినా. పిల్లి పోయినట్టు పోతాను. నువ్వు లేచి చూసేసరికి నా ట్రక్కు ఉండదు, అంతే," అన్నాడు నిన్న, ఆమె వంటింట్లో ఆమె కాచిన కాఫీ తాగుతూనే.

ఆమె అన్న, ఆమె బడిలో ఉండగా బస్సెక్కి సైన్యంలోకి పోయాడు. ఆసుపత్రిలో తల్లి పక్కన రెండు రోజులు కూర్చుని, ముఖం కడుక్కొద్దామని లేచిన కాసేపట్లో తల్లి పోయింది. భర్త వెర్నన్ నది మీద సరుకు పడవల పనికెళ్ళి తిరిగి రాలేదు. వెళ్ళేవాళ్ళ నోట "వెళ్తున్నా" అనే మాట వినే అదృష్టం ఆమెకు ఎప్పుడూ దక్కలేదు. ఈ ఒక్కడన్నా చెప్పి పోతే చాలనుకుంది.

అతను వీడ్కోలు చెప్పనివ్వకపోతే పాట చేతనైనా చెప్పిద్దామని ఆమెకు తోచింది. హార్డ్‌వేర్ కొట్టు పైన ఉన్న ఊరి రేడియోలో పొద్దుటిపూట జనం కోరిన పాటలు వేస్తారు. డెల్బర్ట్‌కు ప్రాణమైన పాట ఒకటుంది, 'శనివారం పెట్రోలు అయిపోయింది' అని, అతని పడుచుతనం నాటి రాక్ పాట. మాక్సీన్‌కు అది వింటే రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడ్డట్టుంటుంది. అయినా రేడియో నడిపే బక్‌కు ఫోన్ చేసింది.

"బక్, మా డెల్బర్ట్ పాట వెయ్యి నాయనా. అదే, ఆ పెట్రోలు పాట..." అంది. తర్వాత వచ్చిందంతా ఏడుపే.

"ఇంకేం చెప్పకు మాక్సీనత్తా. నేను చూసుకుంటా," అని బక్ మెల్లగా ఫోన్ పెట్టేశాడు.

పొద్దుటి పాటలు అయిపోయాయి, డెల్బర్ట్ పాట మాత్రం రాలేదు. బక్ మర్చిపోయాడనుకుంది. బిస్కట్ల పిండి వత్తుతుండగా పన్నెండయింది. వార్తలు వచ్చాయి, వాన కబురు వచ్చింది.

ఆ ఊరి రేడియోలో పన్నెండు గంటల వార్తల తర్వాత వచ్చే పాటకు ఒక పద్ధతి ఉంది. ఊళ్ళో ఎవరైనా పోతే వాళ్ళకిష్టమైన పాట అప్పుడు వేస్తారు. పోయారన్న మాట నోటితో అనరు, పేరు చెప్పి పాట వేస్తారు. అది వినగానే బండి నడిపేవాడు పక్కకు ఆపుతాడు, ఆ ఇంటికి వంట పట్టుకెళ్ళడానికి ఆడవాళ్ళు పొయ్యి వెలిగిస్తారు. ఇంటివాళ్ళను ఎలా, ఎప్పుడు అని ఆరా తీయడం మర్యాద కాదు.

"ఇది మన డెల్బర్ట్ ప్రూయిట్ కోసం," అన్నాడు బక్, జీరబోయిన గొంతుతో. వెంటనే గిటార్లు మోగాయి.

మాక్సీన్ చేతిలోని అప్పడాల కర్ర కింద పడింది. రేడియో స్టేషన్‌కు ఫోన్ చేస్తే లైను దొరకలేదు. పిండి చేతులతోనే రోడ్డు దాటి పరిగెత్తింది.

డెల్బర్ట్ ట్రక్కు కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. పైకి కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

"డెల్బర్ట్! లే, కొంప మునిగింది!"

"ఎవరి కొంప వదినా?"

ఆమె నోరు తెరిచేలోగా ఇమోజీన్ కారు వచ్చి ఆగింది. పక్క వీధిలో ఉండే పెద్దావిడ. రెండు చేతులా పట్టుకున్న గిన్నెలో కోడిమాంసం, అన్నం కలిపి కాల్చిన వంటకం ఇంకా పొగలు కక్కుతోంది.

"ఎంత పని జరిగిందే మాక్సీన్! నిన్న కొట్లో కనబడ్డాడే పాపం!"

"ఎవరికేమైంది ఇమోజీన్?" అంటూ నల్లటి గ్రీజు మొహంతో డెల్బర్ట్ ట్రక్కు కింద నుంచి బయటికి వచ్చాడు.

ఇమోజీన్ పెట్టిన కేకకు ఎదురు చెట్టు మీది కాకులు లేచిపోయాయి. గిన్నె మాత్రం జారలేదు. ఆ ఊరి ఆడవాళ్ళు దయ్యాన్ని చూసినా గిన్నె జారనివ్వరు.

"నువ్వు చచ్చిపోయావు కదరా!"

"నాకెవరూ చెప్పలేదే."

"రేడియోలో చెప్పారు!"

"అయితే నిజమే అయ్యుంటుంది," అని చొక్కా దులుపుకున్నాడు.

అప్పటికే ఇంటి ముందు కార్లు బారులు తీరుతున్నాయి. పందితొడ హామ్ వచ్చింది, చిక్కుడు గింజల కూర వచ్చింది, అరటిపండు పుడ్డింగు వచ్చింది. మనిషి బతికే ఉన్నాడని తెలిసి కొందరు తిట్టారు, కొందరు డెల్బర్ట్‌ను గిల్లి చూశారు. అతను ఎవరి గిన్నె వాళ్ళను తీసుకుపొమ్మంటే ఇమోజీన్ కళ్ళురిమింది.

"చావింటికి తెచ్చిన వంట వెనక్కి పట్టుకెళ్తే నిజంగానే ఎవరో ఒకరు పోతారు. నోరు మూసుకుని తిను."

షెడ్డులోని పలకలు తెచ్చి పెరట్లో బల్లలా వేశారు. పాస్టర్ హార్లన్ బైబిల్ కారులో పెట్టేసి పళ్ళెం అందుకున్నాడు.

"ఆ పాట వింటే నాకు జుట్టు గుర్తొస్తుంది," అన్నాడు నిగనిగలాడే బట్టతల నిమురుకుంటూ.

"ఎవరి జుట్టు?"

"నాదే. భుజాల దాకా ఉండేది. మా పశువుల కొట్టంలో ఆ పాటే వాయించేవాళ్ళం. పాలిచ్చే ఆవులు పాలివ్వడం మానేశాయని మా నాన్న చెట్లు కత్తిరించే కత్తెరతో కరెంటు తీగ తెంపాడు. ఆ రోజే నాకు దేవుడి పిలుపు వినబడింది."

"చప్పుడు ఆగితే ఏదైనా వినబడుతుంది," అంది ఇమోజీన్. "ఆ రాక్ అంతా అరుపులే. పాటంటే కంట్రీ పాట. నా మొదటి విడాకులొచ్చిన రోజు కారద్దాలు దించి, మొగుణ్ణి వదిలేసినదాని పాట ఒకటి గొంతు చించుకుని పాడుకుంటూ పోతున్నా. ఒక పోలీసాయన ఆపాడు."

"ఆపి?"

"ఆపి, రెండో చరణం తప్పు పాడుతున్నావన్నాడు. ఇదిగో, పక్కన కూర్చుని హామ్ తింటున్నాడు."

"ఇప్పటికీ తప్పే పాడుతుంది," అన్నాడు ఆమె మొగుడు క్లైడ్. "ఇప్పుడు ఆపే ధైర్యం లేదు."

అందరూ విరగబడి నవ్వుతుండగా టోపీ గుండెకు అదుముకుని బక్ వచ్చాడు. డెల్బర్ట్‌ను చూసి అక్కడే చతికిలబడ్డాడు.

"మాక్సీనత్తా, నువ్వలా ఏడిస్తే నేనేమనుకోవాలి?"

తలలన్నీ మాక్సీన్ వైపు తిరిగాయి.

"నీ పనా వదినా?" అన్నాడు డెల్బర్ట్.

"పొద్దుటిపూట వెయ్యమన్నానయ్యా. పిల్లిలా పోతానన్నావుగా, నా నోరు కట్టేశావుగా. పాటన్నా వినిపిద్దామనుకున్నా."

అతను చేతిలో చెంచా కింద పెట్టాడు. "నువ్వు గేటు దగ్గర నిలబడితే నేను ట్రక్కు ఎక్కలేను వదినా. అందుకే ఆ మాటన్నాను," అన్నాడు నేలకేసి చూస్తూ. అంతలోనే తల ఎత్తి, "సరేలే, ఇంతమంది ఇన్ని తెచ్చారు. అందరికన్నా దగ్గర చుట్టానివి, ఒట్టి చేతులతో వచ్చావేంటి?" అని దెప్పాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని వెళ్ళి పీచ్ పళ్ళతో కాల్చిన మిఠాయి పళ్ళెం తెచ్చింది. ఈలోగా బక్ తన ట్రక్కు రేడియో పెట్టాడు. నీకు ఏ పాట ఇష్టమో చెప్పమని ఆమెను పట్టుకున్నారు. ఆమె చాలాసేపు నసిగింది.

"జంటలు ఆడే నెమ్మది వాల్ట్జ్ పాట ఒకటి ఉండేది, ఫిడేలుతో మొదలవుతుంది. అదొస్తే చాలు, వెర్నన్ పడవ దిగి వచ్చిన బూట్లతోనే వంటింట్లో నన్ను గిరగిరా తిప్పేవాడు. నేలంతా బురద చేశావని నేను తిట్టేదాన్ని. ఇప్పుడు నేల అద్దంలా ఉంటుంది. ఆ పాటొస్తే మాత్రం నాకు బురద వాసనేస్తుంది."

"అన్నయ్యకు ఒక్క అడుగూ సరిగా పడేది కాదు," అన్నాడు డెల్బర్ట్.

"పడేది కాదు. నా కాలివేళ్ళను చూస్తే తెలియడం లేదూ?"

పొద్దు వాలాక ఒక్కొక్కరే లేచారు. ఇమోజీన్ కారెక్కుతూ వేలు చూపించింది. "నా గిన్నె మర్చిపోకు. పోయినవాళ్ళ తరఫువాళ్ళే ఇంటింటికీ తెచ్చివ్వాలి. నీ తరఫున నువ్వే ఉన్నావు."

"నేను రేపు పోతున్నా ఇమోజీన్!"

"నా గిన్నె ఎత్తుకుని మోంటానా పోతావా, దొంగ సచ్చినోడా!"

పద్ధతి పద్ధతే. పైగా గిన్నె ఇచ్చి గుమ్మంలోంచి తిరిగి రాకూడదు, కూర్చుని కాఫీ తాగాలి. మర్నాడు డెల్బర్ట్ ప్రయాణం ఆగింది, ఆ మర్నాడూ ఆగింది. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ పాత రికార్డులు అటక దిగాయి. పాస్టర్ ఇంటికెళ్ళినవాడు చీకటిపడ్డాక ఈల వేసుకుంటూ వచ్చాడు. డెల్బర్ట్ వరండాలో కడిగి బోర్లించిన గిన్నెలు రోజురోజుకూ తగ్గిపోవడం మాక్సీన్ కిటికీలోంచి చూస్తూనే ఉంది. తన పళ్ళెం కూడా అందులోనే ఉంది. గుమ్మంలో పెట్టి పిల్లిలా జారుకుంటాడేమోనని నిద్ర పట్టేది కాదు.

ఒక పొద్దున వరండా ఖాళీగా కనిపించింది. ట్రక్కు ఇంజను చప్పుడు వినబడింది. ఆమె కుర్చీలోంచి లేవలేకపోయింది. అప్పుడు ఎవరో తలుపు తట్టారు.

డెల్బర్ట్ పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. "మెట్టు మీద పెట్టి పోదామనుకున్నా."

"మరి పోలేదేం?"

"ఇమోజీన్‌కు తెలిస్తే చంపుతుంది. రెండోసారి చావడం నా వల్ల కాదు."

కూర్చుని కాఫీ తాగాడు, ఇంకో కప్పు అడిగి తాగాడు. తర్వాత ఇద్దరూ గేటు దాకా నడిచారు. అతను టోపీ తీశాడు.

"వెళ్తున్నా వదినా. వెళ్ళొస్తా."

ఈ మాటకు ఏమని బదులివ్వాలో ఆమె ఏళ్ళ తరబడి మనసులో కూర్చుకుంది. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరు.

"టైర్లలో గాలి చూసుకున్నావా?"

"చూసుకున్నా."

"నిజంగా?"

"నిజంగా వదినా."

ట్రక్కు కదిలింది. మాక్సీన్ ఒక చేత్తో గేటు పట్టుకుని, రెండో చెయ్యి నొప్పెట్టేదాకా ఊపింది. అతను అద్దంలో తననే చూస్తున్నాడని ఆమెకు తెలుసు. మలుపు దగ్గర ట్రక్కు ఒక చక్రం గడ్డిలోకి దిగి, తడబడి, మళ్ళీ రోడ్డెక్కింది.