ఏటి ఒడ్డున నా మంచం

"మేళాకు మంచం మోస్కపోతరా ఎవ్వరన్న? నవ్వుతరే జనం," అన్నాడు మా ఆయన.

నేను మగ్గానికి నూలు కండెలు చుడుతున్నాను. రాట్నం ఆపకుండానే "నవ్వనీ" అన్నాను. నేను పరాచికానికి అన్నాననుకున్నాడేమో, చాయ పెట్టమన్నాడు. పెట్టాను. చాయ తాగి, గ్లాసు కింద పెట్టి, "నిజంగనే అంటున్నవా?" అని అడిగాడు.

మా ఆయన పేరు బాలకిష్టయ్య. గద్వాలలో కుట్టు చీరలు నేసేవాళ్లలో పేరున్న మనిషి. అంతకన్నా ఎక్కువ పేరు ఆయన గొంతుకుంది. ఏటా మాఘమాసంలో ఇటిక్యాల అవతల కృష్ణ ఒడ్డున మూడు రోజుల భజన మేళా జరుగుతుంది. వనపర్తి నుంచి, అచ్చంపేట నుంచి, అటు రాయచూరు వైపు నుంచి కూడా బృందాలు వస్తాయి. బండ్లు విప్పి, టార్పాలిన్లు కట్టి, ఇసుకలోనే మకాం. మా వాళ్ల బృందంలో పన్నెండు మంది మగవాళ్లు. పెద్ద పాటగాడు మా ఆయన. పెద్ద పాటగాడి భార్యే పొయ్యి ముట్టించాలని వాళ్లకో ఆచారం. ముట్టించి పక్కకు జరిగితే సరిపోయేది. కానీ ముట్టించిన చెయ్యే మూడు రోజులూ వండాలి, వడ్డించాలి, తోమాలి.

అట్లా ఇరవై రెండేళ్లు ఆ మేళాకు వెళ్లాను. "నీకేంది అనంతమ్మా, ఏటా మేళా సూస్తవ్" అనేవాళ్లు వాడకట్టులో ఆడవాళ్లు. నేను చూసింది పొగ. పాట వినబడేది, కాదనను. కానీ అన్నం అడుగంటుతుంటే చెవి పాట మీద నిలుస్తుందా? ఒక ఏడు రాయచూరు వైపు ముసలామె ఒకతె కన్నడ పదం ఎత్తుకుంది. ఆ గొంతుకు నా ఒళ్లు జల్లుమంది. చేతిలో గంటెతోనే నాలుగడుగులు ముందుకు వేశాను. "నువ్వు పాటకొచ్చినవా, వంటకొచ్చినవా?" అంది మా అత్త వెనక నుంచి, పదిమందిలో. తిరిగొచ్చి పొయ్యి ముందు కూర్చున్నాను. ఆ పదం ఎట్లా ముగిసిందో నాకిప్పటికీ తెలియదు. అత్త పోయి తొమ్మిదేళ్లయింది. ఆ మాట మాత్రం నా దగ్గరే ఉంది.

చెప్పుకోవడానికి సిగ్గుపడే సంగతి ఇంకొకటుంది. సిగ్గెందుకులే, చెప్తాను. ఆ ఒడ్డున ఆడవాళ్లకు చాటు లేదు. అందుకని పొద్దున్నుంచే నీళ్లు తాగడం మానేసేదాన్ని. పొద్దు గూకేదాకా కడుపు బిగబట్టుకుని, అడిగినవాడికల్లా చెంబుతో నీళ్లు అందించేదాన్ని.

ఇప్పుడు నాకు యాభై ఎనిమిది. మోకాళ్లు అరిగాయి. కింద కాళ్లు మడిచి కూర్చోవద్దని కర్నూలు డాక్టరు చెప్పాడు. ఇంటికి రాగానే మా ఆయన, "మగ్గం గుంతల కాళ్లు ఏలాడేసే కూసుంటవు గద, మడిచేది యాడ?" అన్నాడు. నొప్పి ఎంతుందని అడగలేదు. డాక్టరు మాటలో తనకు కావలసిన సందు వెతుక్కున్నాడు.

ఆ సందు ఎందుకో గద్వాలలో అందరికీ తెలుసు. కుట్టు చీర ఒక్క మనిషి నేసేది కాదు. ఒంటికి నూలు, అంచుకు పట్టు. రెండింటినీ పోగుపోగుకూ కలపాలంటే మగ్గానికి ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు ఉండాలి. ముప్పై తొమ్మిదేళ్లుగా ఆ రెండో కొసన నేనున్నాను. చీరను మాత్రం బాలకిష్టయ్య చీర అంటారు. ఒకసారి హైదరాబాదు నుంచి వచ్చిన ఒకావిడ "మీరేం చేస్తారమ్మా?" అని నన్నడిగింది. "ఏం జేస్తది, ఇంట్లనే ఉంటది" అని ఆయనే చెప్పేశాడు. అప్పుడు నా కాళ్లు మగ్గం గుంతలోనే ఉన్నాయి! ఆవిడ నా వంక చూసి నవ్వింది. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఈ రోజుకీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

అందుకే ఈసారి చాయ గ్లాసు తీస్తూ చెప్పేశాను. "రెండు రోజులు ముందుగాల్నే జోగమ్మతోని పోత. ఏటి ఒడ్డున మంచమేసుకుంట. పొయ్యి ముట్టియ్య. పాట వింట."

"మగ్గం మీద చీర ఉన్నది."

"ఉండనీ. యాడికి పోతది?"

"పాట వినాల్నంటె ఇంట్ల రేడియో లేదా?"

"నీ గొంతు రేడియోల రాదు గద," అన్నాను. పొగిడానో పొడిచానో తేల్చుకోలేక బయటికి వెళ్లిపోయాడు.

జోగమ్మది ఇటిక్యాల, రైతుల ఇల్లు. నాకన్నా నాలుగేళ్లు పెద్దది, భర్త లేడు. మేళాలో పక్కపక్క పొయ్యిల దగ్గర నిప్పు ఇచ్చిపుచ్చుకుంటూ స్నేహమయ్యాం. నేను కబురు పంపితే బండి తోలుకుని తనే వచ్చింది. "రెండు మంచాలు బండి మీద బోర్లేద్దాం. నడుములు మనయే గద, ఇంకెవ్వరికోసం దాస్తం?" అంది.

ఆ మకాం మేం కట్టిన తీరు చెప్పకుండా ఉండలేను. మైకు డబ్బాలకు మరీ దగ్గర కాకుండా, పాడేవాళ్ల ముఖాలు కనబడేట్టు చోటు చూసుకున్నాం. పొయ్యిల పొగ రాని వైపు మంచాలు వేసుకున్నాం. కింద గడ్డి, మీద బొంతలు, వీపుకు ఆనుకోవడానికి చుట్టిన పరుపు. మోకాళ్లకు నువ్వుల నూనె, రాత్రి చలికి చెవులకు దూది, ఫ్లాస్కులో చాయ. ఐదు రోజులైనా చెడని జొన్న రొట్టెలు, పల్లీల పొడి, ఎండు మిరపకాయల తొక్కు. వెనక తుమ్మచెట్ల దగ్గర నాలుగు గుంజలు పాతి, పాత చీరలు చుట్టూ కట్టి చాటు చేశాం. ఆ పని పూర్తవగానే చెంబెడు నీళ్లు గటగటా తాగాను. మేళా మొదటి రోజు మధ్యాహ్నానికే ఆ చాటు ముందు ఆడవాళ్లు వరస కట్టారు. నవ్వినవాళ్లు ఎవరూ లేరు. మంచం ఎక్కడ దొరుకుతుందని అడిగినవాళ్లు ముగ్గురున్నారు.

మా వాళ్ల బండ్లు ఆ మధ్యాహ్నమే దిగాయి. మా ఆయన నేరుగా నా మంచం దగ్గరికి వచ్చాడు. వెనకే మద్దెల వాయించే భీమయ్య.

"వదినా, ఆకలైతుంది," అన్నాడు భీమయ్య.

"బియ్యం మీ బండ్లనే ఉన్నయి గద. కట్టెలు గూడ."

మా ఆయన వంగి, గొంతు తగ్గించాడు. "అందర్ల ఇజ్జత్ తీస్తున్నవ్. లే. పొయ్యి ముట్టిచ్చేది పెద్ద పాటగాని పెండ్లామే. ఆచారం."

ముప్పై తొమ్మిదేళ్ల అలవాటు మంచం దిగమని లాగుతూనే ఉంది. ఒక పాదం ఇసుకకు తగిలింది కూడా. మళ్లీ పైకి తీసుకుని బొంత కప్పుకున్నాను. "ఆచారం ఇరవై రెండేండ్లు నేను నడిపిన. ఈ ఏడు మీరు నడపుండ్రి."

నడిపారు. గొంతు చెడకూడదని మా ఆయన్ని దూరంగా కూర్చోబెట్టి, మిగతా పదకొండు మంది పొయ్యి చుట్టూ మూగి, పచ్చి కట్టెలు పెట్టి ఊదీ ఊదీ రెండు రోజులు దగ్గారు. మాడిన అన్నం వాసన మా దాకా వచ్చింది. జోగమ్మ ముక్కు మూసుకుని నవ్వింది. నాకు జాలేసింది, నిజం చెప్తున్నాను. కానీ జాలి పడడానికి లేవనక్కర్లేదు కదా.

రెండో రోజు పొద్దు గూకే వేళ మా వాళ్ల వంతు వచ్చింది. మేళాలో మా ఆయన పాడుతుంటే ఎదురుగా కూర్చుని, ఆయన ముఖం చూస్తూ వినడం నాకదే మొదలు. అబద్ధమెందుకు, గొప్పగా పాడాడు. నా కళ్లు తడిశాయి. ఈ మనిషి మీద ఇంత ప్రేమ ఎక్కడ మిగిలిందా అనుకుంటుండగానే, ఆయన ఆఖరి పాట ఎత్తుకున్నాడు.

"నీళ్లు లేని వాగుకు వంతెనెందుకే?"

నేను నిటారుగా కూర్చున్నాను. అది మా మగ్గం మీది పాట. పొద్దు గడవక నేనే కట్టాను. ప్రశ్న ఆయన పాడితే జవాబు నేను పాడేదాన్ని. ఇక్కడ పాడతాడని నాకు ఎన్నడూ చెప్పలేదు. బృందం జవాబు అందుకోవాలి. భీమయ్య నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. పొగకు ఆ పదకొండు గొంతులూ బొంగురుపోయాయి. మా ఆయన ప్రశ్న మళ్లీ పాడి, నా వైపు చూశాడు.

"అనంతమ్మా, అందుకో!" అన్నాడు మైకులోనే.

పదిమందిలో ఆయన నా పేరు పిలవడం పెళ్లయ్యాక అదే మొదటిసారి. జనమంతా నా వైపు తిరిగారు. గొంతు దాకా వచ్చింది పాట. వచ్చినదాన్ని మింగాను.

"నేను వినటానికొచ్చిన. నువ్వే పాడు," అన్నాను.

ఆయనకు ఇంకో దారి లేదు. తడబడుతూ తనే పాడాడు. "నడిసొచ్చిన అక్కలకు నీడకోసమే." జనం చప్పట్లు కొట్టారు. "గింజ లేని గాదెకు తలుపెందుకే? ఆకలైన ఎలుక సిగ్గుకోసమే." ఈసారి నవ్వులు, ఈలలు. నా మాటలు ఇంకొకరి నోట విన్నాను. అవి ఇంత బాగుంటాయని నాకు తెలియనే తెలియదు.

పాట అయిపోయాక దాన్ని కట్టినవాళ్ల పేరు చెప్పి దండం పెట్టడం ఆ మేళాలో పద్ధతి. మా ఆయన చేతులు జోడించాడు. భీమయ్య అప్పటికే దరువు ఆపి, "మా బాలకిష్టన్న కట్టిన..." అని బొంగురు గొంతుతో మొదలుపెట్టాడు. మా ఆయన అతన్ని ఆపలేదు. నా వైపు చూడనూ లేదు.

మైకు అక్కర్లేనంత గట్టిగా నేనే చెప్పాను. "కట్టింది గద్వాల అనంతమ్మ!"

ఆడవాళ్ల వైపు నుంచి చప్పట్లు మొదలయ్యాయి. వెనక్కి వాలి, మోకాళ్ల మీదికి బొంత లాక్కున్నాను. ఇంకా ఒక రోజు పాటలున్నాయి.